ఏసీ కోసం వెళ్ళిన సినిమా

మా ఆఫీసులో పని పొద్దున పదకొండుకల్లా అయిపోతుంది. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబు మాది, ఇందుకూరుపేటలో. రైతులు ఎండ ముదరకముందే సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తారు. ఉప్పు ఎంతుందో, అమ్మోనియా ఎంతుందో చూసి కాగితం మీద రాసిస్తాం. ఆ కాగితం చూసి చెరువులో ఏం చల్లాలో వాళ్ళు నిర్ణయించుకుంటారు. కొందరు ముందే నిర్ణయించుకుని, తర్వాత కాగితం చూస్తారు. ఏదైతేనేం, పదకొండు తర్వాత మిగిలేది ఫ్యాను శబ్దం, ఫ్రిజ్ శబ్దం. ఫ్రిజ్ మధ్యమధ్యలో ఆగుతుంది. అప్పుడు ఫ్యాను శబ్దం ఒక్కటే.

అక్కడ పనిచేసేది ఇద్దరమే, నేనూ అక్కా. సొంత అక్క కాదు, నాకంటే ఇరవై నాలుగేళ్ళు పెద్ద. నేను చేరిన రోజు "మేడం" అని పిలిస్తే, "మేడం ఎవురు మే ఈడ?" అని వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత నుంచి అక్కే. ఉప్పు కొలిచే గొట్టాన్ని కంటికి పెట్టుకోకుండానే, సీసా మూత తీసి వాసన చూసి అంకె చెప్పగలదు. చెప్పాక గొట్టంతో కూడా చూస్తుంది. రెండింటికీ ఎప్పుడూ పెద్దగా తేడా ఉండదు. ఆ విషయం ఆమెకు పెద్ద విశేషంగా తోచదు.

అక్క సినిమాలు చూడదు. హాల్లోనే కాదు, టీవీలో కూడా. ఒకరోజు అన్నం తింటూ ఎందుకని అడిగితే చెప్పింది.

"నాకు పదమూడేళ్ళప్పుడు మా చర్చికి ఒక అయ్యగారు వచ్చినాడు. మాట బాగా చెప్తాడు. జన్మలో సినిమా చూడం అనేవాళ్ళు లేచి నిలబడండి అన్నాడు. నా పక్కన పిల్ల లేచింది. ఆమె పక్కన పిల్ల కూడా లేచింది. నేనొక్కదాన్నే కూచోనుంటే బాగుండదని లేచినా."

"అంతేనా అక్కా?"

"అంతే. లేచినాక లేచినట్టే గదా."

నలభై ఏళ్ళ పైచిలుకు ఆ మాట నిలబెట్టుకుంది. ఇంట్లో టీవీలో సినిమా వస్తే వంటింట్లోకి వెళ్ళిపోయేదట. ఆమె వెళ్ళగానే భర్త మర్యాదకి వార్తలు పెట్టేవాడట. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మోకాళ్ళ నొప్పి. ప్రతి బుధవారం నెల్లూరులో కరెంటు వైద్యం చేయించుకుని సాయంత్రానికి వస్తాడు. బుధవారం రాత్రి అక్క ఆయన మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెడుతుంది. "ఆ వైద్యం బాగా పనిచేస్తుండాది మే, వచ్చినప్పుడు మొహం కూడా తేటగా ఉంటది" అని గురువారం నాతో చెప్పేది. మంచి డాక్టరు దొరకడం కష్టమని నేనూ అనేదాన్ని.

వీడియో గేమ్ ఆఫీసుకి ఎలా వచ్చిందంటే, మా అమ్మ అటక శుభ్రం చేసి, పనికిరాని వాటిని ఒక సంచిలో వేసింది. అందులో సొట్టపడ్డ గిన్నెల మధ్య మా చిన్నప్పటి టీవీ గేమ్ కనిపించింది. రెండు రిమోట్లు, ఒక పసుపు రంగు క్యాసెట్టు. క్యాసెట్టు అట్ట మీద తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలని ఉంటుంది. నిజానికి ఏడు. మిగతావన్నీ ఆ ఏడే, పేర్లు మార్చి.

రెండో రిమోటుకి స్టార్ట్ బటన్ ఉండదు. ఆట మొదలుపెట్టాలన్నా ఆపాలన్నా మొదటి రిమోటు చేతిలో ఉన్నవాళ్ళ ఇష్టం. మొదటిది ఎప్పుడూ మా అన్నదే. దాదాపు ఎనిమిదేళ్ళు నేను వాడు మొదలుపెడితే మొదలై, వాడు ఆపితే ఆగాను. ఇప్పుడు వాడు కావలిలో ఉంటాడు, ఇద్దరు పిల్లలు. గేమ్ కావాలా అని అడగకుండానే దాన్ని ఆఫీసుకి తీసుకెళ్ళాను. అడిగితే కావాలనేవాడు.

ఆఫీసు గోడకి ఒక టీవీ ఉంది. రైతులు వచ్చినప్పుడు చెరువుల పెంపకం గురించిన వీడియోలు చూపించడానికని మా ఓనరు పెట్టించాడు. ఒక్కసారి చూపించాము. రైతులు మర్యాదగా చూసి, ఇంకోసారి చూపించొద్దని మర్యాదగా చెప్పారు. అప్పటినుంచి దాని మీద దుమ్ము తుడవడమే మా పని. ఆరోజు పదకొండున్నరకి వైర్లు తగిలించి, క్యాసెట్టు తీసి ఊది పెట్టాను. అన్నేళ్ళ తర్వాత కూడా ఊదాలన్న సంగతి నోటికే గుర్తుంది.

తెర మీద బొమ్మలు రాగానే అక్క లేచి నిలబడింది. వంటింటి అలవాటు. ఆఫీసులో వంటిల్లు లేదు కాబట్టి తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ఇది సినిమానా?"

"కాదక్కా, ఆట."

"కథ ఉందా?"

"కథేం లేదు. ఆ చిన్న ట్యాంకు మనది. కింద ఇటుకల మధ్య ఉంది చూడు, అది మన కోట. పైనుంచి వేరే ట్యాంకులొస్తాయి. కోట కూలకుండా చూసుకోవాల."

"కాపాడేదే గదా" అంది అక్క. కాసేపు ఆలోచించింది. చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని వచ్చి కూర్చుంది. నేను రెండో రిమోటు ఇచ్చాను. మొదటి నిమిషంలోనే తన కోటను తనే పేల్చేసుకుంది.

"ఏమయింది మే?"

"అయిపోయిందక్కా."

"మూడు ప్రాణాలు ఉండాయన్నావు?"

"కోట పోతే ప్రాణాలున్నా లాభం లేదు."

అక్క తల ఊపింది. అది ఆమెకు న్యాయంగానే తోచింది.

రెండు నెలల్లో ఆమె నాకంటే బాగా ఆడటం మొదలుపెట్టింది. నేను ముందుకి దూసుకెళ్ళి చచ్చేదాన్ని. అక్క కోట పక్కనే కదలకుండా కాపు కాసేది. ఒక ట్యాంకు దారి తప్పి దగ్గరికి వచ్చేదాకా ఆగి, ఒకే ఒక్క గుండు కాల్చేది. ఇరవయ్యో స్టేజీ నేను చూడటం అదే మొదటిసారి. అన్న కూడా చూడలేదు. ఆ స్టేజీలో అంతటా నీళ్ళున్నాయి. "చెరువులు" అంది అక్క, తృప్తిగా.

ఆలస్యంగా నీళ్ళు తెచ్చే రైతులు కూడా కూర్చుని చూసేవాళ్ళు. "అక్కా, ఎడం పక్క!" అని అరిచేవాళ్ళు. ఒకరోజు చెప్పాపెట్టకుండా ఓనరు వచ్చాడు. అక్క ఆట మధ్యలో ఉంది. ఆయన వెనక నిలబడ్డాడు.

"రిపోర్టులు అయిపోయినాయా?"

"అయిపోయినాయి సార్" అన్నాను.

ఆయన ఆ స్టేజీ అయ్యేదాకా నిలబడి, "కుడి పక్క ఇటుకలు పోయినాయి, చూసుకోండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. మరుసటి వారం ఫోనుకి మెసేజీ పంపాడు. ఆఫీసు టీవీని రైతుల కోసం మాత్రమే వాడాలని. రైతులు చూస్తూనే ఉన్నారు కాబట్టి మేం ఏమీ మార్చలేదు.

ఎండలు మొదలయ్యాక ఒక బుధవారం మా వీధి ట్రాన్స్‌ఫార్మరు బాగుచేస్తామని రోజంతా కరెంటు తీసేశారు. అదేరోజు ఒక రైతు చెరువులో వదలబోయే పిల్ల రొయ్యలకి వైరస్ పరీక్ష చేయించాల్సి వచ్చింది. ఆ మిషను మా దగ్గర లేదు. అలాంటివి ఐసు డబ్బాలో పెట్టుకుని నెల్లూరులో పెద్ద ల్యాబుకి నేనే తీసుకెళ్తాను. రిపోర్టు రావడానికి నాలుగు గంటలు పడుతుంది. ఈసారి అక్క తనూ వస్తానంది. కరెంటు లేని ఆఫీసులో ఒక్కతే కూర్చుని ఏం చేస్తుంది? జాకెట్టు గుడ్డ కూడా కొనుక్కోవాలంది.

పన్నెండుకి పెద్ద ల్యాబులో డబ్బా అప్పగించాము. జాకెట్టు గుడ్డ కొనడానికి పావుగంట పట్టింది. కావలసిన రంగు ఏదో అక్కకు ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే తెలుసు. హోటల్లో భోజనానికి అరగంట. ఇంకా మూడు గంటలు మిగిలాయి. బయట రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. పెద్ద ల్యాబులో కూర్చోడానికి కుర్చీలు లేవు. మేం నిలబడ్డ నీడ ఒక సినిమా హాలుది.

"అక్కా, లోపల ఏసీ ఉంటది" అన్నాను. ఇంకేమీ అనలేదు.

అక్క పోస్టరు వైపు చూడకుండా రోడ్డు వైపు చూసింది. తర్వాత తన చెప్పుల వైపు.

"ఏసీలో కూచునేదానికి పొయ్యేది తప్పు కాదు" అంది చివరికి. "కళ్ళు మూసుకోనుంటా."

ఆమె మాట ఇచ్చింది దేవుడి సన్నిధిలో. నేను తేలిగ్గా తీసుకోలేదు. మూల సీట్లు తీసుకున్నాను, కావాలంటే లేచి పోవడానికి వీలుగా. దీపాలు ఆరిపోయాయి. అక్క నిజంగానే కళ్ళు మూసుకుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, ప్రార్థనలో ఉన్నట్టు కూర్చుంది. ఐదు నిమిషాల తర్వాత తెర మీద ఏదో పేలింది. అక్క కళ్ళు తెరిచింది. మళ్ళీ మూయలేదు.

ఇంకో రెండు నిమిషాలకి నా చెవి దగ్గరికి వంగింది.

"వీళ్ళల్లో మనది ఎవురు?"

అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. "ఆ ఎర్ర చొక్కా ఆయనక్కా" అన్నాను.

ఇక ఎర్ర చొక్కా బాధ్యత ఆమె తీసుకుంది. అతను గోడౌనులోకి ఒక్కడే వెళ్తుంటే, "వెనక ఉండాడు, వెనక చూసుకో" అని పైకే అంది. ముందు వరసలో ఒకతను తిరిగి చూసి, తనూ అదే అనుకుంటున్నట్టు తల ఊపి మళ్ళీ తెర వైపు తిరిగాడు. అక్క కుడిచేతి బొటనవేలు సంచి పిడి మీద నొక్కుతూనే ఉంది. ఎర్ర చొక్కాకి కత్తిపోటు తగిలింది.

"ఎన్ని ప్రాణాలుండాయి ఈయనకి?"

"ఒకటేనక్కా."

"ఒకటేనా?" ఆమె గొంతులో నిజమైన భయం. "ఒక్కటి పెట్టుకోని ఇట్టా ముందుకి పోతాడేంది మే?"

నేను మూడేళ్ళ వయసు నుంచి సినిమాలు చూస్తున్నాను. ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు. హీరో బతుకుతాడని తెలిసి చూడటమే నాకు అలవాటు. ఆ రోజు మొదటిసారి ఎర్ర చొక్కా ఆయన గురించి కొంచెం కంగారుపడ్డాను.

తర్వాత కామెడీ వచ్చింది. ఒక లావుపాటి మనిషి మంచం కింద దాక్కుని ఇరుక్కుపోతాడు. హాలంతా నవ్వింది. హాలు అంటే ముప్పై మంది. ఆ నవ్వులన్నీ ఆగిపోయాక కూడా ఒక నవ్వు ఆగలేదు. మాకు మూడు వరసల ముందు నుంచి, ఈల వేస్తున్నట్టు మొదలై, దగ్గులోకి దిగి, మళ్ళీ పైకి లేస్తోంది.

అక్క తెర వైపు చూడటం మానేసింది.

"ఆ నవ్వు" అంది.

"ఏందక్కా?"

"మా పెద్దోడు పుట్టినప్పుడు మా ఆయన ఒకసారి నవ్వినాడు అట్టా. ఇంకోసారి మా మరిది పెళ్ళిలో."

ముప్పై మందిలో ఎవరైనా అలా నవ్వొచ్చు. ఇంకో పది నిమిషాలకి ఇంటర్వెల్ వచ్చి దీపాలు వెలిగాయి. మూడు వరసల ముందు తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన లేచాడు. ఒక చేతిలో ఎగ్ పఫ్. చంకలో ఎక్స్‌రే కవరు. పఫ్ కొరికి, వెనక్కి తిరిగాడు. నమలడం ఆగిపోయింది.

ఆయన్ని నేను ఒకటి రెండుసార్లు చూశాను, ఆఫీసు దగ్గర. ఈ మనిషే మా అక్క భర్త.

మెట్లెక్కి మా వరస దాకా వచ్చాడు. మోకాళ్ళు బాగానే వంగుతున్నాయి.

"నువ్వేంది ఈడ?" అన్నాడు.

"ఏసీకి వచ్చినా" అంది అక్క. "నువ్వు?"

ఆయన చంకలో కవరు వైపు చూసుకున్నాడు. "నేను కూడా."

తెర మీద పొగాకు వల్ల వచ్చే నష్టాల గురించి చెప్తున్నారు. నేను చాలా శ్రద్ధగా చూశాను.

"మోకాళ్ళు?"

"రెండేళ్ళ కిందే తగ్గిపోయినాయి."

"మరి నాతో చెప్పలా."

"చెప్తే బుధవారం యాడికి పోతుండావని అడుగుతావు గదా."

"ఎన్నాళ్ళుగా ఇది?"

"పెళ్ళికి ముందు నుంచి. డ్యూటీలో ఉన్నప్పుడు, నెల్లూరులో బస్సు దిగినాక మళ్ళా బండి కదిలేదాకా టైం ఉండేది. పోయి చూసేవాణ్ణి." ఆయన గొంతు తగ్గించాడు. "మాట ఇచ్చింది నువ్వు. నేను ఇవ్వలా. అయినా నీ ముందర చూస్తే నువ్వు లేచి వంటింట్లోకి పోతావు. ఎండాకాలం ఆ వంటింట్లో ఎంతసేపని కూచుంటావు? అందుకని చెప్పలా."

అక్క జాకెట్టు గుడ్డ ఉన్న కవరు మడతపెట్టింది, మళ్ళీ విప్పింది. తిడుతుందనుకున్నాను. ముప్పై మూడేళ్ళ కాపురం, అన్నేళ్ళ అబద్ధం, రెండేళ్ళ కాపడం. తిట్టడానికి ఆమెకు అన్ని హక్కులూ ఉన్నాయి.

"ఇన్నేళ్ళు ఒక్కడివే కూచోని ఇట్టా నవ్వుకుంటుండావా?" అంది.

పఫ్‌లోంచి గుడ్డు ముక్క జారి నేల మీద పడింది. ఇద్దరూ దాని వైపు చూశారు.

"నేను వంటింట్లో లేకుండా ఉంటే ఇంట్లోనే నవ్వేవాడివి గదా" అంది అక్క, ఆయనతో కాదు, తనలో తను. కళ్ళు తుడుచుకోలేదు కానీ ముక్కు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "మే, నువ్వు పోయి ఆయన సీట్లో కూచో" అంది.

వెళ్ళి కూర్చున్నాను. సీటు ఇంకా వెచ్చగా ఉంది. రెండో సగమంతా ఒక్కదాన్నే చూశాను. వెనక నుంచి గుసగుసలు వినిపిస్తూనే ఉన్నాయి. "ఈ అమ్మాయి చచ్చిపోద్ది" అన్నాడు ఆయన ఒకసారి. "చెప్పొద్దు" అంది ఆమె. ఆ అమ్మాయి చచ్చిపోయింది. "చెప్పొద్దన్నా గదా" అంది ఆమె, తప్పు ఆయనదే అయినట్టు. ఆ లావుపాటి మనిషి మళ్ళీ వచ్చినప్పుడు ఈల లాంటి నవ్వు మొదలైంది. దాని పక్కనే ఇంకో నవ్వు, చిన్నది, ఆగి ఆగి వచ్చేది. కోట కూలకుండా స్టేజీ గట్టెక్కినప్పుడు ఆఫీసులో నేను వినే నవ్వు అది. ఆయన ఎప్పుడైనా విన్నాడో లేదో తెలీదు.

చీకట్లో నా నవ్వు గుర్తుపట్టే వాళ్ళు ఎవరున్నారా అని ఆలోచించాను. అమ్మకి చెవులు సరిగ్గా వినపడవు. అన్న గుర్తుపడతాడు. వాడు ఆటలో చచ్చినప్పుడల్లా నవ్వేదాన్ని కాబట్టి ఆ నవ్వు వాడికి బాగా తెలుసు. అంతకు మించి ఎవరూ తట్టలేదు. ఈలోగా ఎర్ర చొక్కా గెలిచాడు.

నాలుగున్నరకి రిపోర్టు తీసుకున్నాము. పిల్ల రొయ్యలకి వైరస్ లేదు. ముగ్గురం ఒకే బస్సులో తిరిగొచ్చాము. వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చుని, దారంతా ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. కోపం లాగా కనిపించలేదు. ఇంటి దగ్గర మాట్లాడుకోవడానికి దాచుకుంటున్నట్టుంది. దిగేటప్పుడు ఆయన ముందు దిగి, అక్క సంచి అందుకున్నాడు. ఎక్స్‌రే కవరు బస్సులోనే మరిచిపోయాడు. నేను చూశాను, చెప్పలేదు.

ఇంటికెళ్ళి అన్నకి ఫోను చేశాను.

"ఏమయింది?" అన్నాడు. మా ఇంట్లో ఊరికే ఫోను చేసే అలవాటు లేదు.

"ఏం కాలా. మన టీవీ గేమ్ ఆఫీసులో పెట్టుకున్నా, చెప్దామని."

"నన్ను అడగబళ్ళా?"

"అడగలా."

"పనిచేస్తుండాదా?"

"చేస్తుండాది. ఇరవై ఏడో స్టేజీ దాకా పోయినాం."

"అబద్ధాలు చెప్పబాక" అన్నాడు. తర్వాతి ఆదివారం భార్యాపిల్లలతో వచ్చాడు, కేవలం అది చూడటానికే. ఆదివారం ఆఫీసు ఉండదని చెప్తే, భోంచేసి వెళ్ళాడు.

అక్క ఆ ఆదివారం చర్చిలో ఈ సంగతి దేవుడికి చెప్పుకున్నానంది. ఏమని చెప్పుకుందో, ఏ సమాధానం వచ్చిందో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. సోమవారం ఓనరుకి ఒక సెలవు చీటీ రాసి నాకు చూపించింది, తప్పులుంటే దిద్దమని. 'నా భర్తగారి మోకాలి వైద్యం నిమిత్తం ప్రతి బుధవారం మధ్యాహ్నం నుంచి సెలవు ఇప్పించగలరు' అని ఉంది.

"అక్కా, ఇది అబద్ధం గదా" అన్నాను.

"వైద్యం పేరు అదే గదా మే, ఇన్నాళ్ళుగా. నేను కొత్తగా పెట్టలా" అంది. తప్పులేమీ లేవు. ఓనరు సంతకం పెట్టాడు, మోకాళ్ళ విషయంలో నిర్లక్ష్యం చెయ్యొద్దని కూడా చెప్పాడు.

ఇప్పుడు బుధవారం మధ్యాహ్నాలు ఆఫీసులో నేనొక్కదాన్నే. ఆడబుద్ధి కాదు. సీసాలు కడిగి బోర్లిస్తాను. గురువారం పదకొండు తర్వాత అక్క నిన్నటి సినిమా కథ మొదటినుంచి చెప్తుంది. పాటలు ఆమె లెక్కలోకి రావు. ఎవరు ఎవర్ని ఎందుకు నమ్మారు, నమ్మి ఎలా చెడ్డారు, అది ముఖ్యం. రెండు గంటల సినిమా చెప్పడానికి ఆమెకు గంటన్నర పడుతుంది.

మొన్న గురువారం అలా చెప్తుండగా మైపాడు వైపు నుంచి ఒక రైతు ఆలస్యంగా వచ్చాడు. అన్నదమ్ములు విడిపోయే చోట ఉంది కథ. ఆయన సీసా చేతిలో పట్టుకునే బెంచీ మీద కూర్చున్నాడు.

"మళ్ళా కలిసినారా?" అని అడిగాడు మధ్యలో.

"చెప్తుండా గదా" అంది అక్క.

కలిసేదాకా కూర్చున్నాడు. తర్వాత సీసా బల్ల మీద పెట్టాడు. అక్క మూత తీసి వాసన చూసింది, గొట్టంతో కూడా చూసింది. ఉప్పు కొంచెం ఎక్కువుంది. రాసిచ్చాము.